తెల్లపోగు కట్టిన పుస్తకం

హులిగమ్మ కష్టపడి సాధించిన మొదటి గెలుపు, బసన్న చేత ఒక పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివించడం. ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను గాని అది తేలికైన పని కాదు. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధికంతా మొండి మనిషి బసన్న. బడి మానేసినాక బీడీ కట్ట మీద తప్ప ఇంకెక్కడా అచ్చక్షరం చదవలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అటువంటివాడికి ఆమె వానాకాలంలో మొదలుపెట్టి ఎండాకాలం దాకా ఒకదాని తరువాత ఒకటి పుస్తకాలు ఇస్తూ పోయింది. వాడు తీసుకుపోయి గూట్లో పెట్టేవాడు. కొన్నాళ్లకు తెచ్చి, “బాగుందక్కా” అనేవాడు.

“ఏం బాగుంది బసన్నా?”

“అంతా బాగుందిలే.”

ఆమె పుస్తకం తెరిచి చూపించేది. మధ్య పుటల్లో తాను పెట్టిన నూలుపోగు పెట్టినచోటే ఉండేది. “నా పోగు కూడా నిద్ర లేయలేదప్పా” అనేది. పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు, బసన్న కూడా నవ్వేవాడు.

ఆ ఎండాకాలం బసన్న మగ్గం గుంతలో పాము దూరింది. కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటే గాని నేత సాగదు. వాడు భయపడి మగ్గం ఎక్కడమే మానుకున్నాడు. హులిగమ్మ ఏమీ అనకుండా పాముల గురించిన పుస్తకం ఒకటి వాడి గడపలో పెట్టి వచ్చింది. వారం తిరక్కుండా బసన్న పోగు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. “అక్కా, ఇదిగో నీ పోగు. పాముకు బయటికి సెవులుండవంట, తెలుసునా నీకు? మన గుంతలో దూరిందానికి విషం లేదంట. సంపకుండా ఇడిసిపెట్టినా!” అని, అంతటితో పోక, “పాము మీద కథ ఏదన్నా ఉంటే ఇయ్యి” అన్నాడు. పాములవాడి కుటుంబం మీద రాసిన నవల ఒకటి ఇచ్చింది. దాంతో వాడు చదువరి అయిపోయాడు.

ఈ సంగతులు రాస్తున్నది నేను, తిక్కయ్యను. నా చదువు పల్లె బడిలో అయిదో తరగతి. అయినా చేనేత సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాను. మా వీధికి కొళాయి వేయించింది నేను. వీధి దీపాలు తెప్పించింది నేను. సంఘం పాత నూలు గదిలో ఎలుకలు తిరుగుతుంటే దాన్ని శుభ్రం చేయించి పఠన మందిరం పెట్టించింది నేను. ప్రారంభం రోజున నాకు శాలువా కప్పారు, పేపర్లో వేశారు. ఇవన్నీ ఒక ఎత్తు, వచ్చిన పుస్తకాలను జనం చేత చదివించడం ఒక ఎత్తు. అది నా వల్ల కాలేదు. అది హులిగమ్మ చేసిన పని.

ఆమెది తుగ్గలి దగ్గర పల్లె. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. పదో తరగతి పాసై, మా వీధిలో మారుతిని చేసుకుని వచ్చింది. మారుతి నేస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఒక చెయ్యి రాట్నం మీద, మోకాలి కింద పుస్తకం. మగ్గం చప్పుడును మించి గొంతు పెంచి చదివేది. పక్కింటి మగ్గాలవాళ్లు గోడ అవతలి నుంచి, “హులిగమ్మా, ఇంగొక్క తూరి సదువు, మగ్గం పలక సప్పుడుకు ఇనపల్యా” అని అరిచేవాళ్లు. అది చూసే నేను మందిరం తాళం ఆమె చేతికిచ్చాను.

పుస్తకం ఇవ్వడంలో ఆమెది ఒక తీరు. నీకేం ఇష్టమని ఎవరినీ అడిగేది కాదు. “దేనికి భయపడతావు? ఎవరి మీద కోపమొస్తాది? నిద్ర పడతాందా?” అని అడిగేది. మొగుడు పోయిన ముసలామె నిద్ర రావడం లేదంటే నక్షత్రాల పుస్తకం ఇచ్చి మిద్దె మీద పడుకోమంది. పోలీసు ఉద్యోగం పరీక్ష పోయి ఇంట్లో ముడుచుకున్న కిరణ్‌కు ఓడలో పనివాడిగా దేశాలు తిరిగిన మనిషి కథ ఇచ్చింది. కొత్త కోడలు రూప అత్త మీద ఏడుస్తూ వస్తే, ఒక నవ్వుల నవల ఇచ్చి, దానితో పాటు చీమలు ఎట్లా కాపురం చేస్తాయో చెప్పే పుస్తకం ఒకటి ఇచ్చింది. రూప వచ్చి, “అక్కా, మాయత్త రాణి చీమే” అంటే మందిరమంతా నవ్వు.

ఎవరికైనా రెండు ఇవ్వడం ఆమె నియమం. ఒకటి కల్పించిన కథ, ఒకటి జరిగిన సంగతి. “పేక ల్యాకుండా పడుగొకటే ఉంటే గుడ్డవుతాదా?” అనేది. గుర్తు కోసం కథల పుస్తకాలకు వీపు మీద ఎర్ర పోగు, నిజం పుస్తకాలకు తెల్ల పోగు కట్టింది. తాను చివరిదాకా చదవని పుస్తకానికి ఏ పోగూ కట్టేది కాదు. ఎర్రపోగు చదివి ఏడవండి, నవ్వండి. తెల్లపోగు చదివి నడుచుకోండి. ఇది మా వీధిలో చిన్న పిల్లలకు కూడా తెలిసిన మాట. సంఘం సభలో నేనే మైకు పట్టుకుని, తెల్లపోగు కట్టిన పుస్తకాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చని చెప్పాను.

ఇంత గొప్ప చెప్పుకున్నాక, ఇక రాయబోయేదానికి చెయ్యి వెనకాడుతోంది. అయినా మొదలుపెట్టిన జీవిత కథను సగంలో వదిలితే అదీ తప్పే అవుతుంది.

ఆదోనిలో పాత కాగితాలు తూకానికి కొనే హుసేనప్ప దగ్గర హులిగమ్మ పుస్తకాలు ఏరుకునేది. అట్లా ఒకసారి అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. ముందు పుటలు లేవు, వెనక పుటలు లేవు. ఒక మెట్ట రైతు తన మాటల్లో తన సేద్యం గురించి చెప్పుకున్నట్టుగా ఉంది. నేను, నా ఎద్దులు, నా ఎర్రనేల అంటూ సాగుతుంది. హులిగమ్మ ఉన్నంతమటుకూ చదివింది. కథ అయితే పెళ్లో, చావో, పగో ఉండాలి కదా. ఇందులో విత్తనం, ఎరువు, వాన తప్ప ఇంకేమీ లేదు. పైగా పుట్టింటి చేనే కళ్లకు కట్టింది. గంజి పెట్టిన మగ్గం గుడ్డతో అట్ట కుట్టి, వీపుకు తెల్లపోగు కట్టింది.

ముందటేడు శ్రావణంలో ఆమె అన్న శివయ్య ఉరుకుంద ఈరన్న దర్శనానికి వచ్చి, తిరుగు దారిలో చెల్లెలి ఇంటికి వచ్చాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి. చెల్లెలు వీధికంతా పుస్తకాలు ఇస్తుందని విని పొంగిపోయాడు. “ఊరందరికీ ఇస్తాండావు, మీ అన్నకేదమ్మా?” అన్నాడు. ఆమె ఆ పుస్తకం చేతిలో పెట్టింది. “నీలాంటి రైతే రాసినాడన్నా. తెల్లపోగు సూడు, అంతా నిజమే” అంది.

ఆ పుస్తకంలో రైతు తొలి వానకు విత్తడు. ‘తొలి వాన కూతురు, వచ్చి పోతుంది; మలి వాన కోడలు, వచ్చి ఉంటుంది’ అంటాడు. ఊరంతా విత్తుకుంటుంటే తాను ఆగుతాడు. మలి వాన పడ్డాక విత్తి, అందరికంటే మిన్నగా పండిస్తాడు. శివయ్యకు ఆ మాట మంత్రంలాగా పట్టింది.

నిరుడు మృగశిరలో మంచి పదును పడింది. శివయ్య ఊరంతా వేరుశనగ విత్తారు. శివయ్య చేను దున్ని పెట్టుకుని, విత్తనాలు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య ఈరమ్మ పోరు పెట్టింది, ఆయన వినలేదు. మలి వాన ఎంతకూ రాలేదు. “ఏం శివయ్యా, నీ కోడలింగా కాపురానికి రాల్యాదా?” అని దారిన పోయేవాళ్లు అడగడం మొదలుపెట్టారు.

ఇంకొకటి కూడా జరిగింది. తొలకరి పడితే తుగ్గలి, మద్దికెర వైపు చేలల్లో వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి నేల చూసుకుంటూ తిరుగుతారు. విత్తిన చేలోకి ఏ రైతూ రానివ్వడు. ఆ యేడు ఆ చుట్టుపట్ల విత్తకుండా ఉన్నది శివయ్య చేనొక్కటే. జనమంతా అందులోనే దిగారు. దున్నిన మెత్తటి నేల తొక్కి తొక్కి రోడ్డు చేశారు. “శివయ్య చేన్లో మనుసులు మొలిసినారప్పా” అని ఊళ్లో నవ్వులాట. వాన వచ్చేసరికి కాలం మించిపోయింది. విత్తితే పశువుల మేతకు కట్టె వచ్చింది, కాయ రాలేదు. మిగతావాళ్లకు గొప్పగా పండకపోయినా ఇంటికి ఇంత వచ్చింది.

దీపావళి పోయినాక శివయ్య ఆ పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని ఎమ్మిగనూరు వచ్చాడు. చెల్లెలిని ఒక్క మాట అనలేదు. “ఈ రైతుది ఏ వూరో కనుక్కో అమ్మా. పోయి ఆయప్పను అడిగొస్తా. నేను యాడ తప్పు సేసినానో ఆయప్ప సెప్తాడు” అన్నాడు. “పుస్తకంలో ఉండేది నిజం. ఆయప్పకు పండింది, నాకు పండల్యా. అంటే తప్పు నాదే గదా?”

హులిగమ్మ ఆ రైతు కోసం వెతకడం మొదలుపెట్టింది. పుస్తకంలో ఉన్న ఊరి పేరు చెప్పి బస్సు డ్రైవర్లను అడిగింది, నూలు బండ్లవాళ్లను అడిగింది. ఆ ఊరి పేరు ఎవరూ విని ఉండలేదు. చివరికి ఆదోనికి పోయి హుసేనప్పను అడిగితే, “ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చినాయమ్మా, నాకేం తెలుసు? రిటైరైన టీచరమ్మ కృష్ణకుమారి గారు పుస్తకాల్లో పుట్టి పెరిగినామె, ఆమెనడుగు” అని ఇల్లు చూపించాడు.

కృష్ణకుమారి గారు గుడ్డ అట్ట తెరిచి నాలుగు వాక్యాలు చదివి, నవ్వుతూ లేచి, తన బీరువాలోంచి ఇంకో ప్రతి తీసి చేతిలో పెట్టారట. దానికి అట్ట ఉంది. అట్ట మీద పేరు కింద ‘నవల’ అని ఉంది.

“అంటే ఈ రైతు…”

“రైతెక్కడమ్మా! రాసినాయన బ్యాంకులో గుమాస్తా. చేను అనేది బస్సు కిటికీలోంచి చూసి ఉంటాడు. కాని ఎంత బాగా రాశాడు చూడండి, చదివిన ప్రతివాడూ నిజమే అనుకోవాల్సిందే!”

ఆమె మెచ్చుకోలుగా అన్న ఆ మాట హులిగమ్మకు చెంపదెబ్బలాగా తగిలింది. మంచినీళ్లు ఇస్తే కూడా తాగకుండా వచ్చేసింది.

ఆ సాయంత్రం మారుతి ఇంట్లో పెద్ద వాదన. నేనూ అక్కడే ఉన్నాను.

“మీయన్నకు ఇది సెప్పాకు” అన్నాడు మారుతి. “ఆ రైతు సచ్చిపోయినాడని సెప్పు. అయిపోతాది.”

“అట్ల సెప్తే మాయన్న బతికినన్నాళ్లూ తప్పు తనదే అనుకుంటాడు.”

“నిజం సెప్తే? రేపటి నుంచి ఈ వీధిలో నీ తెల్లపోగును ఎవుడు నమ్ముతాడు? ఇన్నేండ్లు సదివిందంతా గంగలో కలిసిపాయ!”

హులిగమ్మ రాట్నం చక్రాన్ని ఊరికే తిప్పింది. తరువాత నావైపు తిరిగి, “మామా, రేపు నా ఎంట వస్తావా?” అంది. ఆడపిల్ల పుట్టింటికి తప్పు ఒప్పుకోవడానికి పోతే, అత్తింటి వైపు పెద్దమనిషి ఒకరు వెంట పోవడం మా వాడుక. వస్తానన్నాను.

ఆదోనిలో ఒకసారి, పత్తికొండలో ఒకసారి బస్సు మారాము. మేము పోయేసరికి శివయ్య అరుగు మీద మంచం పట్టె బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలుతో అరుగు దులిపి, “రా మామా, రా” అని కూర్చోబెట్టాడు. ముఖంలో ఎంత ఆశ! “వూరు దొరికిందామ్మా?” అన్నాడు.

మాట తేలిక చేద్దామని నేను గొంతు సవరించుకుని, మా పఠన మందిరం ఎట్లా పెట్టించానో, ఎంతమంది హులిగమ్మ చేతి పుస్తకాలు చదివి బాగుపడ్డారో చెప్పడం మొదలుపెట్టాను.

“మామా, అవన్నీ ఇప్పుడొద్దు” అంది హులిగమ్మ. నేను నోరు మూసుకున్నాను. పదిమందిలో నా మాటకు అడ్డం తగిలినవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం ఆమె ఆపడమే మేలయింది.

“అన్నా, ఆ మనిషి లేడు.”

“సచ్చిపోయినాడా? అయ్యో. ఆయప్ప కొడుకులన్నా ఉంటారు గదా, వాళ్లనడుగుదాం.”

“పుట్టనే లేదన్నా.”

శివయ్యకు అర్థం కాలేదు. చెల్లెలి ముఖం, నా ముఖం మార్చి మార్చి చూశాడు. హులిగమ్మ తల దించుకుని, ఒక్కో మాటా చెప్పింది. అది కల్పించిన కథ అని. రాసినాయన సేద్యం చేసినవాడు కాదని. ఆ పుస్తకానికి కట్టాల్సింది ఎర్రపోగు అని. “కథలో వాన రాసేవాడు రమ్మన్నప్పుడు వస్తాదన్నా. అది తెలుసుకోకుండా నీ చేతికిచ్చినా.”

వాకిట్లో చాట చెరుగుతున్న ఈరమ్మ చాట కింద పెట్టింది. “అంటే? లేని మనిషి మాట ఇని మేము ఇత్తనాలు ఇంట్లో పెట్టుకుంటిమా? ఊరోళ్లు మమ్మల్ని సూసి నగుతాంటే, మీ అన్న రేత్రి పూట లేసి కూసోని, యాడ తప్పు సేస్తిని, యాడ తప్పు సేస్తిని అని గొణుక్కుంటాండె. ఎవుని కోసం? పుట్టని వాని కోసమా?”

“నువ్వుండే” అన్నాడు శివయ్య. “అయితే నన్ను సూసి నవ్వినోళ్లు నిజమైనదానికే నవ్వినారు.”

“అన్నా, తప్పు నీది గాదు. అది సెప్పనీకే వచ్చినా.”

“నాది గాదులే. నాదైతే వచ్చేయేడన్నా సరిదిద్దుకుందును.” ఆ మాట అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా చేని దిక్కుకు పోయాడు.

ఈరమ్మ ముఖం చూడడానికి నేను తల ఎత్తలేకపోయాను. శాలువాలు కప్పించుకున్న మనిషిని, ఆ అరుగు మీద నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అయినా ఈరమ్మ మాకు అన్నం పెట్టింది. వడ్డిస్తూ ఆడబిడ్డతో అన్న మాట ఇది: “పుస్తకం ఇచ్చి పంపితివి గదా హులిగమ్మా. ఈసారి నువ్వే రా. ఇత్తనం ఎప్పుడేయాలో మట్టి పట్టుకోని సూడు. పుట్టినిల్లే గదా, మరిసిపోయినావా యేం?”

హులిగమ్మ కలిపిన ముద్ద అట్లాగే పట్టుకుని, “వస్తా వదినా” అంది.

ఎమ్మిగనూరు చేరిన మరుసటి దినమే ఆమె మందిరంలో జనం ఉండగానే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ అడగకముందే చెప్పింది. ఆ తరువాత కత్తెర తీసుకుని తెల్లపోగులన్నీ కత్తిరించడం మొదలుపెట్టింది. ముందు లేచినవాడు బసన్న.

“అయితే నా పాముల పుస్తకం సంగతేందక్కా? దాన్ని నమ్మి పామును ఇడిసిపెడితిని! అది కూడా ఎవుడో బ్యాంకోడు రాసిందేనా?” కొందరు నవ్వారు. బసన్న మాత్రం నవ్వించడానికి అడగలేదు, వాడి ముఖంలో నిజంగానే భయం ఉంది.

“అది పాములు పట్టి, వాటి గురించి సదివినాయన రాసింది బసన్నా. అట్ట ఉంది, పేరు ఉంది, సూసినా. కాని…” అని ఆగి, “నువ్వు ఇంగొకరిని కూడా అడుగు” అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. అప్పటి నుంచి ఎవరు వచ్చి ఏ పుస్తకం ఇవ్వమన్నా, “మీకు తోచింది తీస్కోండి” అనేది. నిద్ర పడుతోందా అని అడగడం మానేసింది. జనం అలమర ముందు నిలబడి, చేతులు చాచి, మళ్లీ ముడుచుకుని పోయేవాళ్లు. నేను సాయం చేద్దామని రూపకు ఒక పుస్తకం ఇచ్చాను. ఆ అమ్మాయి మరునాడే తెచ్చి, “తాతా, ఇది పశువుల రోగాల పుస్తకం” అంది. బొమ్మలు చూసి ఇచ్చాను. సంఘానికి అధ్యక్షుడిగా చేయడం వేరు, ఒక మనిషికి సరిపోయే పుస్తకం ఇవ్వడం వేరని నాకు ఈ వయసులో తెలిసింది. వీధిలో ఎదురైనవాళ్లు, “ఏం తిక్కయ్యా, కండ్లు మూసుకోని నమ్మొచ్చంటివే?” అంటే, విననట్టు నడిచిపోతున్నాను.

చలికాలం, ఎండాకాలం అట్లాగే గడిచాయి. మొన్న తొలకరి పడిన సాయంత్రం హులిగమ్మ మందిరం తాళం తెచ్చి నా ముందు పెట్టింది. మారుతికి కండెలు చుట్టడానికి పక్కింటామెను మాట్లాడిపెట్టిందట.

“పుట్టింటికి పోతాండా మామా. ఇత్తనమేసి, మొలక సూసి, మొదటి కలుపు తీసి వస్తా.”

“మీ అన్న రమ్మన్నాడా?”

“మాయన్న ఇంగా మాట్లాడల్యా. వదిన ఫోన్ సేసింది.”

“మరి వచ్చినాక మందిరం తెరుస్తావా, పుస్తకాలు ఇస్తావా?” అన్నాను. వీధి కోసం అడిగాను, నా కోసం కూడా అడిగాను.

“మాయన్న పక్కన నిలబడి ఒక్క చేను ఇత్తితే గాని, ఇది నిజం అని ఇంగొకరికి సెప్పనీకి నాకు నోరు రాదు మామా. ఆయన నన్ను చేన్లోకి రానిస్తే వచ్చి తెరుస్తా. రానీకపోతే తాళం నీ దగ్గరే పెట్టుకో.”

పోయిన మూడో నాటికి మారుతికి ఫోన్ వచ్చింది. మారుతి ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. “అన్న ఇత్తే గొర్రు పట్టుకున్నాడు మామా. నన్ను ఎనకాల ఇత్తనాలు ఇడసమన్నాడు” అంది హులిగమ్మ. ఇంకేమన్నాడమ్మా అంటే, “ఇంగేమీ అన్లేదు. సాలు వంకర పోతాంది, తిన్నగా నడువు అన్నాడు” అంది. ఆ గొంతులో ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

మందిరం తాళం నా మొలతాడుకే ఉంది. మొదటి కలుపు ఎప్పటికి అయిపోతుందో ఆ ఫోన్‌లోనే అడిగి, తలుపు మీద ఒక కాగితం అంటించాను, అక్షరాలు నావే, వంకరగా ఉన్నాయి. పుస్తకాలు ఇచ్చే హులిగమ్మ ఊరికి పోయింది, తిరిగి వచ్చేది జూలై పదిహేడు, శుక్రవారం.